అడిగినవారు, అడుగనివారు

(గాజులరామారమున కూడిన పౌరసభలో చేయబడిన ప్రసంగపాఠము)

 

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెత పుట్టిన కాలమున ఇల్లు కట్టించువాడును, ఆ యింట కాపురముండువాడును ఒక్కడే. మేస్త్రిని తానే పిలిచెను. సున్నము తానే తెచ్చెను. పునాది యెంతలోతు దిగినదో తన కన్నులతో చూచెను. గోడ బీటలు వారినచో మేస్త్రి గడపకు పోయి నిలదీసెను. నేడు మనలో పెక్కుమంది ఇల్లు కట్టించుటలేదు, కొనుచున్నారు. అదియును కట్టియున్న యిల్లు కాదు. కాగితముమీది బొమ్మను చూచి, పునాది తీయకమునుపే జీవితకాలపు కూడబెట్టును చెల్లించి, ఆపై ఇరువదియేండ్లు బ్యాంకునకు వాయిదాలు కట్టుచున్నారు. కట్టువాడు వేరు, కాపురముండువాడు వేరు, ఇటుక మోసినవాడు మరియొకడు. ఒకరి మొగ మొకరెరుగని యీ మువ్వురి నడుమ నిలిచియున్నది చట్టమొక్కటే. కావున ఆ చట్టము వ్రాయబడునప్పుడు ఎవరి మాట వినబడుచున్నది, ఎవరి మాట వినబడుటలేదు అనునది మనకు రాజకీయవినోదము గాదు. మన యింటి ప్రశ్న. నేడు మేము విన్నవింపదలచినది దీనినిగూర్చియే.

ఈ మాట చెప్పుటకు గాజులరామారము తగిన తావు. ఒకనాడిది పొలములనడుమ, గుట్టలనడుమ నున్న పల్లె. ప్రక్కన జీడిమెట్ల కర్మాగారములు వెలసిన పిదప నలుదిక్కుల కష్టజీవులు వచ్చి చేరిరి. 2007లో కుత్బుల్లాపూరు మున్సిపాలిటీ మహానగరపాలక సంస్థలో కలిసెను. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడెను. ఎకరములలో కొలిచిన నేల గజములలోనికి వచ్చినది. గజములు పోయి చదరపుటడుగులు వచ్చినవి. కొలత చిన్నదగుకొలది ధర పెద్దదయ్యెను. ధర పెద్దదగుకొలది చట్టముతో పని పెరిగెను. బాచుపల్లి మొదలు మేడ్చల్ వరకు, అచ్చటినుండి శామీర్‌పేట వరకు నేడు లేచుచున్న ప్రతి అంతస్తునకును వెనుక ఒక జీవో కలదు. ఆ జీవోలోని ఒక్క పదమునకు ముందువెనుకలైనచో ఈ సభలో కూర్చున్న ఒక కుటుంబము గట్టెక్కును, వేరొక కుటుంబము మునుగును.

మొదట న్యాయమైన మాట చెప్పుదము. వర్తకులు సంఘముగా కూడుట తప్పు కాదు. సంఘముగా కూడి ప్రభుత్వమునకు విన్నపములు చేయుటయు తప్పు కాదు. మన రాజ్యాంగము 19వ అధికరణమున సంఘములు పెట్టుకొను హక్కును పౌరులందరికి నొసగినది. ఆ హక్కు కూలివానికెంత కలదో, కోటీశ్వరునకును అంతయే కలదు. కాంట్రాక్టర్ల దేశవ్యాప్త సంఘమైన బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1941లో, అనగా స్వరాజ్యమునకు ఆరేండ్లు ముందుగనే పుట్టినది. గృహనిర్మాణ వర్తకుల సంఘముల సమాఖ్యయైన క్రెడాయి 1999లో ఏర్పడినది. మన రాష్ట్రమున క్రెడాయి శాఖలు గాక ట్రెడా, తెలంగాణ బిల్డర్స్ ఫెడరేషను, తెలంగాణ డెవలపర్స్ అసోసియేషను మొదలగునవి కలవు. బడ్జెటు వచ్చుచున్నదన్నను, స్టాంపు సుంకము మారుచున్నదన్నను, క్రొత్త బిల్లు సభకు రానున్నదన్నను వీరు ముందుగనే మేల్కొందురు. లెక్కలు కట్టుదురు, న్యాయవాదులను పిలుతురు, వినతిపత్రము వ్రాయింతురు, సచివాలయమునకు పోయి మంత్రిని దర్శింతురు. దీనినే నేటి పత్రికలు లాబీయింగు అనుచున్నవి. పేరు క్రొత్తది కావచ్చునుగాని పని పాతదే. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన ఆడువారు చెప్పు మాటయే దీని సారము. వారు అడుగుచున్నారు. అది వారి తెలివి.

వారడిగినదంతయు అన్యాయమని కూడ మేమనము. ఇంటి ప్లానునకు అనుమతి కావలెనన్న ఇన్ని కార్యాలయములు తిరుగనేల, అన్నిటికి ఒక్క కిటికీ చాలదా యని వారు చిరకాలముగా మొరపెట్టిరి. 2020లో మన శాసనసభ టీఎస్-బీపాస్ చట్టము చేసెను. దానిచే 75 గజములలోపు స్థలమున చిన్న యిల్లు కట్టుకొనువాడు అనుమతి కొరకు తిరుగ నక్కరలేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలును. 500 చదరపు మీటర్లలోపు స్థలమున, 10 మీటర్ల యెత్తులోపు యింటికి యజమాని స్వయముగా ధ్రువీకరించినచో వెంటనే అనుమతి లభించును. అంతకు మించిన వానికి 21 దినముల గడువు పెట్టిరి. ఇది పెద్ద బిల్డరునకు ఎంత మేలో, గాజులరామారమున రేకులయిల్లు పడగొట్టి స్లాబు వేసికొను బీదవానికిని అంత మేలు. అట్లే 2021లో ఈ సంఘములే కొన్ని కూడి, అనుమతి రాకమునుపే నేలలో విభజింపని వాటాలను తక్కువ ధరకు అమ్మి జనుల సొమ్ము లాగువారిని అదుపులో పెట్టుడని గళమెత్తినవి. తమ వ్యాపారమునకు చెడుపేరు వచ్చుననియే కావచ్చును. ఐనను ఆ మాట మంచిమాట. 2022లో అమీన్‌పూరు ప్రాంతపు ప్రీలాంచి మోసము బయటపడి, వేలకొలది కుటుంబముల గోడు వినిన పిదప ఆ మాట విలువ అందరికి తెలిసినది.

అట్లైన మా ఫిర్యాదు ఎక్కడ? వారు అడుగుటలో లేదు. వారడిగినది మనకు వినబడకుండుటలో, మనము అడుగకుండుటలో ఉన్నది. ఇందుకు ఒక్క చట్టపు చరిత్రను తీసికొని చెప్పెదము. అది రేరా యని మీరందరు వినియున్న చట్టము.

2013 ఆగస్టులో ఆ బిల్లు మొదట రాజ్యసభకు వచ్చినది. దాని ముఖ్యోద్దేశము సులభమైనది. ఒక భవనము పేర కొనుగోలుదారులిచ్చిన సొమ్మును ఆ భవనమునకే ఖర్చు పెట్టవలెను. దానితో వేరొకచోట నేల కొని మొదటి భవనమును మొండిగోడలుగా వదలరాదు. అందుకై వచ్చిన సొమ్ములో నూటికి 70 వంతులు వేరు బ్యాంకు ఖాతాలో నుంచవలెనని బిల్లు చెప్పినది. ఐతే ప్రభుత్వము కోరినచో ఆ వంతును తగ్గింపవచ్చునని ఒక కిటికీ తెరచియుంచినది. 2015లో సవరణలు వచ్చినప్పుడు ఆ 70 కాస్త 50 అయ్యెను. పిమ్మట రాజ్యసభ ప్రత్యేక సంఘము బిల్డర్లను పిలిచి వినెను, ఇండ్లు కొన్నవారిని పిలిచి వినెను, నివేదికను సభముందు పెట్టెను. ఆ నివేదికను దేశమంతయు చదివినది. కొన్నవారు ఊరూర సంఘములుగా చేరి, యాభై చాలదని గట్టిగా పలికిరి. తుదకు 2016 మార్చిలో చట్టమైనప్పుడు ఆ యంకె మరల 70 అయ్యెను. తగ్గించు కిటికీ మూయబడెను. మొదటి బిల్లున 1000 చదరపు మీటర్లకు, 12 ఫ్లాట్లకు మించిన కట్టడములే నమోదు కావలసియుండగా, తుది చట్టమున 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు అను హద్దు వచ్చెను. దీనివలన చిన్న అపార్ట్‌మెంటులో కొన్న సామాన్యునికిని రక్షణ కలిగెను.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమి? రెండు పక్షములును బహిరంగముగా వాదించినచోట బలహీనుడు కూడ నెగ్గగలడు. బిల్డర్ల సంఘములకు ధనమున్నది, పరిచయమున్నది. కొన్నవారికి సంఖ్య యున్నది, కష్టమున్నది. వెలుతురున్నచో సంఖ్య ధనముతో తుల తూగగలదు.

ఇక రెండవ అంకము చూడుడు. చట్టము పార్లమెంటు చేసినది; దాని నిబంధనలు చేయు అధికారమును 84వ సెక్షను రాష్ట్రములకిచ్చినది. సభలో పుట్టిన చట్టము సచివాలయమున నిబంధనలు ధరించి మన వాకిటికి వచ్చును. దారిలో దాని చేతులు కట్టివేయబడినను చూచువారుండరు. సభలో ఒక్క సెక్షను మార్చవలెనన్న ఓటింగు కావలెను, పత్రికలు వ్రాయును, ప్రతిపక్షము లేచును. నిబంధనలో ఒక్క తేదీ మార్చుటకు ఒక్క కలము చాలును. ఏ దేశమునైనను వర్తకసంఘముల నేర్పరితనమంతయు కానవచ్చునది ఇచ్చటనే.

కేంద్రచట్టము 3వ సెక్షను స్పష్టముగా చెప్పినది. చట్టము అమలులోనికి వచ్చునాటికి కట్టడము సాగుచు, పూర్తయినట్లు ధ్రువపత్రము పొందని ప్రతి ప్రాజెక్టును మూడుమాసములలో నమోదు కావలెను. చట్టము పూర్తిగా అమలైనది 2017 మే 1న. సాగుచున్న ప్రాజెక్టులను విడిచిపెట్టుడని వర్తకసంఘములు ఢిల్లీలో గట్టిగా కోరియుండెను, పార్లమెంటు ఒప్పుకొనలేదు. ఆ మూడుమాసముల గడువు తీరుచున్న వేళ, 2017 జూలై 31న, మన రాష్ట్రప్రభుత్వము జీవో 202 ద్వారా తెలంగాణ నిబంధనలు వెలువరించెను. వానిలో 2017 జనవరి 1కి ముందు అనుమతి పొందిన కట్టడములు ఆ నిబంధనల పరిధినుండి తప్పింపబడినవి. పార్లమెంటు చూచినది పని పూర్తియైనదా లేదా యని. మన నిబంధన చూచినది అనుమతి కాగితము ఏ తేదీదని.

ఆ తేదీ యేమి చేసినదో ఒక ఊహతో చూతము. జీడిమెట్లలో పనిచేయు అన్నదమ్ములిద్దరనుకొందము. అన్న ఒక వీధిలో ఫ్లాటు కొనెను. ఆ భవనమునకు అనుమతి 2016 డిసెంబరులో వచ్చినది. తమ్ముడు ప్రక్కవీధిలో కొనెను. దాని అనుమతి 2017 ఫిబ్రవరిది. రెండింటికిని పని 2017లోనే మొదలైనది. రెండింటికిని స్లాబు వేసినది ఒక్క మేస్త్రియే. తమ్ముని ప్రాజెక్టు నమోదైనది. ఆతని సొమ్ములో 70 వంతులు వేరు ఖాతాలో నుండవలెను. ఇల్లు సమయమునకు అందనిచో 18వ సెక్షను క్రింద వడ్డీతోకూడ సొమ్ము తిరిగి యడుగవచ్చును. అప్పగించిన అయిదేండ్లలో కట్టుబడి లోపము బయలుపడినచో 14వ సెక్షను క్రింద బిల్డరు ఉచితముగా సరిచేయవలెను. అన్నకు ఈ గొడుగు క్రింద చోటు లేదు. ఆతడు వినియోగదారుల కమిషనుకో, సివిలు కోర్టుకో పోయి వాయిదాలు తిరుగవలెను. ఒక్క తల్లి బిడ్డలను ఒక్క తేదీ వేరుచేసినది.

మేమెవరిమీదను నింద మోపుటకు ఇచ్చటికి రాలేదు. ఆ తేదీ ఏ విన్నపముపై, ఏ న్యాయముపై నిలిచినదో ప్రజలకు చెప్పవలసిన భారము దానిని పెట్టిన ప్రభుత్వముది. నిబంధనల ప్రకటనయందు వాక్యములుండునుగాని, వాక్యములకు కారణములుండవు. మా ఫిర్యాదు అదియే. ఆ పిమ్మట చట్టమునకు కాపలాదారు రావలసియుండెను గదా! తాత్కాలిక ఏర్పాట్లతో ఏండ్లు గడచి, పూర్తికాలపు అధ్యక్షుడు వచ్చుసరికి 2023 జూన్ అయ్యెను. తాళము చేసిన ఆరేండ్లకు తలుపునకు బిగించినట్లయ్యెను.

ఇది ఒక్క తెలంగాణపు కథ కాదు. పశ్చిమబెంగాలు రాష్ట్రము కేంద్రచట్టమును ప్రక్కకు నెట్టి 2017లో తన స్వంత గృహనిర్మాణ చట్టము చేసికొనెను. అందు పెక్కు సెక్షనులు కేంద్రచట్టమునకు నకళ్లే. మారినవి కొన్ని మాత్రమే. బిల్డరు ఆలస్యము చేసినను క్షమింపదగిన ఆపదలేవి యన్నచో కేంద్రచట్టము యుద్ధము, వరద, కరవు, అగ్ని, తుపాను, భూకంపము వంటి ప్రకృతి వైపరీత్యములు అని గీత గీసినది. బెంగాలు చట్టము ఆ గీత చివర, ప్రభుత్వము నిర్ణయించు ఇతర కారణములు కూడ నని చేర్చినది. ఆ కొలది మాటలలో ఎంత గొప్ప ద్వారము తెరచుకొనినదో న్యాయశాస్త్రమెరుగనివారును ఊహింపగలరు. కొనుగోలుదారుల వేదికయొకటి సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. కేంద్రచట్టమున్న రంగమున దానికి విరుద్ధముగా, రాష్ట్రపతి ఆమోదము లేక చేసిన ఆ చట్టము చెల్లదని 2021 మే 4న తీర్పు వచ్చినది. అదే యేడు నవంబరు 11న ఉత్తరప్రదేశపు వ్యాజ్యమున, పూర్తి ధ్రువపత్రము పొందక సాగుచుండిన ప్రాజెక్టులు కేంద్రచట్టము క్రిందికి వచ్చునని ఆ న్యాయస్థానమే తేల్చిచెప్పినది. బెంగాలునందు ఆ ద్వారమును మూసినవారు మంత్రులు కారు, శాసనసభ్యులు కారు. చందాలు వేసికొని వకీలును పెట్టుకొన్న గృహస్థులు.

మూడవవానిని మరచిపోరాదు. ఇటుక మోసినవాడు! తెల్లవారకముందే అడ్డామీద నిలిచి, ఎవరు పిలుతురాయని చూచు తాపీమేస్త్రియు, సెంట్రింగువాడును, ఒడిశానుండియు, ఛత్తీస్‌గఢ్‌నుండియు వచ్చి కట్టుచున్న భవనము ప్రక్కనే రేకులగుడిసెలో తలదాచుకొను కూలియు ఏ సంఘమునందును లేరు. 2024 మే 7న గాలివాన వచ్చినప్పుడు, మనకు కూతవేటు దూరమున నున్న బాచుపల్లిలో, కట్టుచున్న భవనపు ప్రహరీగోడ కూలి ఏడుగురు మడిసిరి. వారిలో నాలుగేండ్ల పసివాడొకడు. ఆ యేడుగురి పక్షమున ఏ వినతిపత్రమును అంతకుముందు సచివాలయము మెట్లెక్కియుండలేదు.

వారికొరకు చట్టము లేదా? 1996లోనే పార్లమెంటు చేసినది. కట్టడపు ఖర్చులో నూటికొక రూపాయి సెస్సుగా వసూలు చేసి, సంక్షేమమండలి ద్వారా వారికి ప్రమాదసహాయము, ప్రసూతిసహాయము, పింఛను మొదలగునవి ఈయవలెను. సంవత్సరమున 90 దినములు పనిచేసిన ప్రతి కట్టడపు కూలియు నమోదునకు అర్హుడు. ఆ సొమ్మేమైనది? 2018 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము చూచిన లెక్కప్రకారము దేశమున 37,400 కోట్లకు పైగా వసూలై, కూలివానికై ఖర్చయినది 9,500 కోట్లు మాత్రమే. వసూలు చేయుటకు యంత్రాంగమున్నది. అడుగుటకు నోరు లేదు. అడుగువారులేని ధనము ఖజానాలో నిదురపోవును. ఆ చట్టముల స్థానమున 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చిన సామాజికభద్రతా స్మృతియందు, సొంత యింటికి 10 లక్షలుగా నున్న సెస్సు మినహాయింపు 50 లక్షలకు పెరిగినది. ఇల్లు కట్టుకొను మధ్యతరగతివానికి ఇది ఊరటయే, కాదనము. కాని ఆ తగ్గిన సెస్సుచే కూలివాని పళ్లెమున ఏమి తగ్గునో లెక్క కట్టి చెప్పినవారెందరు? త్రాసునకు రెండు సిబ్బెలుండవలెను గదా!

నేలమాటయు నిట్లే. అనుమతిలేని లేఅవుటు వేసి, గజముల లెక్కన అమ్మి, సొమ్ము దండుకొని పోవువాడొకడు. ఆ తప్పునకు రుసుము కట్టువాడు కొన్నవాడు. 2020 ఆగస్టు 31 నాటి జీవో 131 క్రింద ప్లాట్ల క్రమబద్ధీకరణకు సుమారు 25 లక్షల దరఖాస్తులు పడినవి. ఒక్కొక్క దరఖాస్తు వెనుక వేయిరూపాయలు కట్టి ఏండ్లతరబడి ఎదురుచూచిన ఒక కుటుంబము కలదు. ఇక మన ఊరి సంగతి మీకు మేము చెప్పవలెనా? 2025 సెప్టెంబరు 21, ఆదివారమునాడు, హైడ్రా సంస్థ యీ గాజులరామారముననే 300 ఎకరములకు మించిన ప్రభుత్వభూమిలో ఆక్రమణలు తొలగించెను. ప్రభుత్వభూమిని కాపాడుట ప్రభుత్వధర్మమే. ఆ భూమి ప్రజలందరిది. దానిని మ్రింగువారిని వదలుమని మేమడుగము. ఐతే ఇట్టిచోట నోటరీ కాగితమును పట్టాయని నమ్మి కొన్నవాడు యంత్రముముందు నిలువగా, ఆ కాగితము అమ్మినవాడు ఎక్కడనుండెను? అమ్మినవానిని పట్టు చట్టమును పదునుపెట్టుడని అడుగు సంఘము ఎక్కడ కలదు?

బిల్డరు సోదరుల ప్రతివాదమును గూడ వినుట న్యాయము. వారనుదురు: నియమము పెరిగినచో ఖర్చు పెరుగును, ఖర్చు పెరిగినచో ధర పెరుగును, తుదకు మోయువాడు కొన్నవాడే. ఆలస్యమున సగము పాపము కార్యాలయములది, శిక్షమాత్రము మాకా? ఈ మాటలో నిజము లేకపోలేదు. ఫైలు కదలక నిలిచిన భవనములను మేమును చూచియున్నాము. న్యాయముగా కట్టి, చెప్పిన దినమునకు తాళములప్పగించిన బిల్డర్లను ఎరుగుదుము. మోసగాడు తక్కువ ధర చెప్పి వారి బేరమును గూడ చెరచుచున్నాడు. కాని కార్యాలయము ఆలస్యము చేసినచో కార్యాలయమును దండించు చట్టము అడుగవలెనుగాని, కొన్నవాని గొడుగును లాగికొనుట పరిష్కారము కాదు. నియమపు ఖర్చు చదరపుటడుగునకు కొన్ని రూపాయలు కావచ్చును. నియమములేనిచో కలుగు నష్టము ఒక కుటుంబపు సర్వస్వము.

ఇంతకు మనము చేయవలసిన దేమి? నాలుగు పనులు విన్నవించెదము.

మొదటిది: చట్టముపైగాని, నిబంధనపైగాని ఏ సంఘము ఏమి కోరినదో ఆ వినతిపత్రములను ప్రభుత్వము ప్రకటింపవలెను. ఇది విడ్డూరమైన కోరిక కాదు. అమెరికా 1946లోనే ఇట్టి రాయబారులు తమ పేర్లు నమోదు చేసికొనవలెనని చట్టము చేసి, 1995లో దానిని గట్టిపరచెను. ఇంగ్లాండు 2014లో చేసెను. మనకట్టి చట్టము లేకున్నను సమాచారహక్కు చట్టము, 2005 మన చేతిలో నున్నది. దాని 4వ సెక్షను, ప్రజలకు తగులు ముఖ్యవిధానములు చేయునప్పుడు సంబంధించిన సంగతులన్నియు ప్రభుత్వము తనంత తానే ప్రకటింపవలెననియు, నిర్ణయమునకు కారణములను బాధితులకు తెలుపవలెననియు శాసించుచున్నది. ఈ సెక్షను పేరెత్తి దరఖాస్తు వ్రాయుటకు పది రూపాయల రుసుము చాలును.

రెండవది: నిబంధనల ముసాయిదా తెలుగున అచ్చువేసి, ముప్పది దినములు ప్రజలముందుంచి, వచ్చిన అభ్యంతరములకు సమాధానము చెప్పిన పిదపనే తుదిరూపము నీయవలెను. కేంద్రప్రభుత్వము 2014లోనే తన శాఖలకిట్టి విధానము విధించుకొన్నది. మన రాష్ట్రము దానిని చట్టముగనే చేయవచ్చును. రేరా నిబంధనలను శాసనసభముందుంచవలెనని చట్టమే చెప్పుచున్నది. బల్లమీద పెట్టిన కాగితమును చదువుడని మన శాసనసభ్యుని మనమడుగవలెను.

మూడవది: కేంద్రమున రేరా సలహామండలియందు నిర్మాణ వర్తకులతో బాటు కొనుగోలుదారులకును, కట్టడపు కూలీలకును ప్రాతినిధ్యముండవలెనని ఆ చట్టపు 41వ సెక్షను చెప్పినది. పార్లమెంటు మువ్వురిని గుర్తించినది. మన రాష్ట్రమునను అట్టి మండలి యుండవలెను. మంత్రి వర్తకసంఘముతో మాటాడు దినముననే మిగిలిన యిద్దరితోను మాటాడవలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: మనము సంఘములు కావలెను. సగముకంటె ఎక్కువ ఫ్లాట్లు అమ్ముడైన మూడుమాసములలో కొన్నవారి సంఘము ఏర్పడునట్లు చూచుట బిల్డరు విధియని 11వ సెక్షను చెప్పుచున్నది. ఆ సంఘము 31వ సెక్షను క్రింద స్వయముగా ఫిర్యాదు చేయవచ్చును. కాని మన సంఘములు నీటిట్యాంకరు గొడవ, లిఫ్టు గొడవ, వినాయకచవితి చందాలతో ముగియుచున్నవి. అవి అక్కరలేదని మేమనము. ఆ చందాలో నుండి ఒక్క భాగము తీసి, ఏడాదికొకమారు గాజులరామారపు సంఘములన్నియు కూడి, ఆ యేడు వచ్చిన జీవోలను చదివించుకొనుడు. చదువుటకు వకీళ్లమైన మేము వచ్చెదము, రుసుము అడుగము. అడ్డామీది కూలివానిని 90 దినముల లెక్క చూపించి నమోదు చేయించుటకు మీ యింటి పిల్లలలో కాలేజీకి పోవువారిద్దరిని పంపుడు.

కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిరేవున ఒక శాసనము వేయించెను. తుపానుచే కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును రాజులు కొల్లగొట్టు ఆచారమును మాన్పి, సుంకము ముప్పదింట ఒక వంతని నిర్ణయించి వర్తకులకు అభయమిచ్చెను. ఆ శాసనము వర్తకుల మేలునకే. ఐనను దానిని అంతఃపురమున దాచలేదు. రాతిస్తంభముమీద, తెలుగునను, సంస్కృతమునను చెక్కించి, రేవున నిలిపెను. వర్తకుడు చదివెను, సుంకరి చదివెను, దారిన పోవువాడును చదివెను. ఎంత సుంకమో అందరికి తెలిసిన పిదప ఎక్కువ లాగువాడు లేడు, తక్కువ ఎగవేయువాడు లేడు. ఏడువందల యేండ్లు దాటినను ఆ రాయి మనకు చెప్పు పాఠము మాయలేదు. వర్తకునకు అభయమిమ్ము, కాని అందరు చదువుచోట ఇమ్ము.

మన రాష్ట్రము మనకు 2014 జూన్ 2న వచ్చినది. అందుకై వీధులలో నడిచినవారము, కరపత్రములు పంచినవారము, లాఠీలకు ఎదురు నిలిచినవారము ఈ సభలో పెక్కుమందిమి కలము. అప్పుడు మనము కోరినది, మన విషయములు మన దగ్గర, మనమెరిగినట్లు నిర్ణయమగుట. సచివాలయము దగ్గరయ్యెను, దాని తలుపు కొందరికే తెలిసియున్నచో దగ్గరయై ప్రయోజనమేమి? బిల్డర్ల సంఘము ఆ తలుపు తట్టుచున్నందుకు మనము కోపగింపనక్కరలేదు. వారి వెనుక వరుసలో మనము నిలువకుండుటయే మన లోపము.

రాబోవు శాసనసభా సమావేశములలో గృహనిర్మాణమునకు, భూమికి, నగరపాలనకు తగులు బిల్లులు మరల వచ్చును. వర్తకసంఘముల వినతిపత్రములు అప్పటికే సిద్ధమై యుండును. ఈ సభ చెదరకమునుపే అయిదుగురిని ఎన్నుకొనుడు: ఇద్దరు ఫ్లాట్లు కొన్నవారు, ఇద్దరు కట్టడపు పనివారు, ఒక న్యాయవాది. మనము కోరునది ఒక్క పేజీలో, తేటతెనుగున వ్రాయింపుడు. ఈ వారముననే ఆ కాగితమును మన శాసనసభ్యునికొకటి, మంత్రికొకటి, ఈ పత్రికకొకటి పంపుడు. అడిగి చూతము. అమ్మ పెట్టనిచో అప్పుడు అలుగుటకు మనకును హక్కుండును.

జయహింద్.